సెకండ్ లైఫ్ రివ్యూ: పేరు మనది, సర్వర్ వాళ్లది

సెకండ్ లైఫ్ అంటే కంప్యూటర్‌లో మనకో రూపం పెట్టుకుని తిరిగే ఆన్‌లైన్ 3డీ లోకం. పేరు వినగానే చాలామంది గేమ్ అనుకుంటారు, కానీ ఇందులో లెవెల్స్ ఉండవు, గెలవడం ఓడిపోవడం ఉండదు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ 2003లో స్థలం, టూల్స్ ఇచ్చి వదిలేసింది, లోపల కనిపించే ఇళ్లు బట్టలు జుట్టు డ్యాన్సులు దాదాపు అన్నీ జనం చేసుకున్నవే. మెటావర్స్ హడావుడి రాకముందు నుంచీ ఉంది, ఇప్పటికీ నడుస్తోంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది క్రియేటర్ పేరు. ఏ వస్తువు మీదైనా రైట్ క్లిక్ చేసి ఎడిట్ కొడితే ఎవరు చేశారో కనిపిస్తుంది, ఎన్ని చేతులు మారినా ఆ పేరు పోదు. మన అసలు పేరు, ఊరు, ఉద్యోగం ఎవరికీ చెప్పక్కర్లేదు, డిస్ప్లే నేమ్ వారానికోసారి మార్చుకోవచ్చు, రూపం ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కానీ మనం కట్టిన కుర్చీ, రాసిన స్క్రిప్టు (వస్తువుని కదిలించే చిన్న ప్రోగ్రామ్) మాత్రం మనల్ని పట్టిస్తాయి. పాత హ్యాకర్లకి హ్యాండిల్ (వాళ్లు పెట్టుకున్న మారుపేరు) ఎంత విలువో ఇక్కడ క్రియేటర్ పేరు అంత, మనిషికి ఇంతకంటే మంచి గుర్తింపు ఉంటుందా అనిపిస్తుంది నాకు.

కట్టడం నేర్చుకోడానికి సొంత స్థలం అక్కర్లేదు, శాండ్‌బాక్స్‌కి (ఎవరైనా కట్టి చూసుకునే ఖాళీ స్థలం) వెళ్లి ఒక ప్రిమ్ (పెట్టె లాంటి మూల ఆకారం) రెజ్ చేసి, అంటే పుట్టించి, సాగదీసి తొలిచి తలుపు చేయండి, అందులో ఎల్ఎస్ఎల్ (సెకండ్ లైఫ్ సొంత ప్రోగ్రామింగ్ భాష) స్క్రిప్టు పెడితే ముట్టుకోగానే తెరుచుకుంటుంది. కొత్తగా కోడింగ్ మొదలుపెట్టినవాళ్లకి, రాసిన నాలుగు లైన్లకి ఎదురుగా తలుపు కదలడం అంటే ఆ ఆనందమే వేరు!

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. 2006లో కాపీబాట్ అనే టూల్ బయటికొచ్చి ఎవరి డిజైన్ అయినా కాపీ కొట్టేయొచ్చని తేలగానే లోపలి దుకాణదారులు చాలామంది షాపులు మూసేసి నిరసన చేశారు, పాపం వాళ్ల కష్టం అది. అంత గొడవ జరిగాక కూడా 2007 జనవరిలో కంపెనీ వ్యూయర్ (ఆ లోకంలోకి వెళ్లడానికి మన కంప్యూటర్లో వేసుకునే సాఫ్ట్‌వేర్) కోడ్‌ని జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఓపెన్ చేసింది, అందుకు వాళ్లని మెచ్చుకోవాల్సిందే. ఆ కోడ్ లేకపోతే వాలంటీర్లు నడిపే ఫైర్‌స్టార్మ్ అనే వ్యూయర్ ఉండేదే కాదు. మీరు ఏది వేసుకోవాలి అంటే నా ఓటు ఫైర్‌స్టార్మ్‌కే, సెట్టింగులు బోలెడు, లినక్స్‌లో కూడా నడుస్తుంది.

కానీ సర్వర్ కోడ్ మాత్రం ఇప్పటికీ కంపెనీ చేతిలోనే. కొనుక్కున్న బట్టలు, ఇల్లు ఏవీ బయటికి తీసుకుపోలేం, అకౌంట్ పోతే అన్నీ పోయినట్టే. అందుకే ఓపెన్‌సిమ్యులేటర్ (ఓపెన్‌సిమ్) అనే ఇలాంటి లోకాలు నడిపే సాఫ్ట్‌వేర్ గురించి తెలుసుకోండి, అది 2007లో మొదలైంది, సర్వర్‌తో సహా కోడ్ అంతా బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉంది, మన సొంత మెషిన్ మీదే ఒక లోకం నడుపుకోవచ్చు, ఫైర్‌స్టార్మ్‌తోనే అందులోకీ వెళ్లొచ్చు. జనం మాత్రం బాగా తక్కువ.

అకౌంట్ ఫ్రీ. ఒక అమెరికా డాలరుకి సుమారు 250 లిండెన్ డాలర్లు (లోపల చెల్లే డబ్బు) వస్తాయి, సొంత స్థలం కావాలంటేనే నెలనెలా ఖర్చు. గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో బరువుగా నడుస్తుంది. లోపలి గడియారం కాలిఫోర్నియా టైమ్, కాబట్టి అక్కడి రాత్రి మ్యూజిక్ ప్రోగ్రాములు మనకి పొద్దున కాఫీ వేళకి వస్తాయి. అడల్ట్ ప్రాంతాలు కూడా ఉన్నాయి, చేరేముందు ఆ ప్రాంతం రేటింగ్ చూసుకోండి.

సీరియస్‌గా వస్తువులు చేద్దాం అనుకునేవాళ్లు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేసి ఒరిజినల్ ఫైళ్లు మీ డిస్కులో పెట్టుకున్నాకే పైకి ఎక్కించండి, రేపు ఓపెన్‌సిమ్‌కి మారినా అవే పనికొస్తాయి.