టెర్రాజెన్ క్లాసిక్ రివ్యూ: కొండలు సూపరు, చెరువుల కాడే చిక్కంతా

మా నెల్లూరు ఫ్లెక్సులు ఎప్పుడన్నా గమనించారా, పెంచలకోన స్వామి బ్రహ్మోత్సవాల బ్యానర్ అయినా సరే, బిర్యానీ సెంటర్ ఓపెనింగ్ అయినా సరే, వెనకాల మాత్రం స్విట్జర్లాండ్ మంచు కొండలే ఉంటయ్. వెలిగొండలు పక్కన పెట్టుకోని మనకీ ఖర్మేంది చెప్పండి. ఫోన్‌తో ఫోటో తీద్దామంటే ఎండాకాలం దుమ్ములో కొండ పాలిపోయి వస్తాది, డ్రోన్ కొనేంత సీన్ నాకు లేదు, ఇంట్లో ఉండేదేమో పాత డ్యూయల్ కోర్ డబ్బా. అట్టా వెతుక్కుంటా పోతే దొరికింది ఈ టెర్రాజెన్ క్లాసిక్, కంప్యూటర్‌లోనే కొండలు, నేల, నీళ్ళు, ఆకాశం తయారు చేసి బొమ్మ గీసే ప్రోగ్రాం. విండోస్ 98 నాటి సరుకు, ఇంగ్లండ్‌లో మ్యాట్ ఫెయిర్‌క్లఫ్ అనే ఆయన రాసింది, ప్లానెట్‌సైడ్ అనే కంపెనీ వాళ్ళది. 0.9.43 వెర్షన్ కాడ ఆపేసి కొత్త టెర్రాజెన్ మీద పడ్డారు గానీ పాతది నా విండోస్ 10లో కూడా శుభ్రంగా నడస్తా ఉంది.

షేర్‌వేర్ పద్ధతి తెలుసు గదా, సొంతానికి ఊరికే వాడుకోవచ్చు, బొమ్మతో సంపాదించాలంటే డబ్బులు కట్టి రిజిస్టర్ చేసుకోవాల. ఫ్రీ దాంట్లో నేల సైజు 513 బై 513 చుక్కలు దాటనియ్యడు, బొమ్మ సైజుకి కూడా హద్దు పెట్టాడు.

513 అంటే ఏం లెక్క అని నాకు మొదట్లో అర్థం కాలా. దీని వెనకాల మతలబు ఏందంటే, ఒక చదరం తీసుకోని నాలుగు మూలలకి నాలుగు ఎత్తులు ఇస్తారు, మధ్యలో చుక్కకి ఆ నాలుగింటి సగటు తీసి దానికి కాస్త లాటరీ నంబర్ కలుపుతారు, చదరం చిన్న చదరాలు అవతాది, మళ్ళీ మధ్య చుక్క, మళ్ళీ సగటు, లాటరీ మాత్రం ప్రతిసారీ తగ్గిస్తా పోతారు. అట్టా తొమ్మిది సార్లు చేస్తే ఒక్కో వైపు 512 గళ్ళు, అంటే 513 చుక్కలు. లాటరీ ఎంత తొందరగా తగ్గిస్తే కొండ అంత నున్నగా, నిదానంగా తగ్గిస్తే అంత గరుగ్గా వస్తాది. మాండెల్‌బ్రాట్ అనే లెక్కల పండితుడు 1982లో పుస్తకంగా వేసిన ఫ్రాక్టల్ (ఎంత దగ్గరికి పోయి చూసినా అదే తీరు గరుకు కనపడే ఆకారం) లెక్కలన్నిటికీ కొండల కాడ వాడకం ఇదే. అంతకు ముందే 1980లో లోరెన్ కార్పెంటర్ అనే ఆయన బోయింగ్‌లో పని చేస్తా, ఇట్టాంటి కొండల మీద విమానంలో ఎగిరినట్టు రెండు నిమిషాల ఫిల్మ్ చేసి సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సభలో చూపిస్తే స్టార్ వార్స్ సినిమాల లూకాస్‌ఫిల్మ్ వాళ్ళు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ఆ రోజుల్లో పెద్ద కంపెనీ మిషన్లకి సాధ్యమైన పని ఇప్పుడు మన ఇంట్లో డబ్బా చేస్తా ఉంది.

సరే జనరేట్ నొక్కితే ఏం వస్తాది? బ్రహ్మాండమైన కొండలు వస్తయ్, కాదనను. మంచు నదులు కోసినట్టు చేసే గ్లేసియేషన్ అని ఒక స్లయిడర్, నిట్టనిలువు లోయలు చేసే కాన్యనిజం అని ఇంకోటి, అవి అటూ ఇటూ జరుపుతా కూర్చుంటే అన్నం సంగతి కూడా గుర్తురాదు. కానీ ఒక్కటి కూడా మన కొండలాగా ఉండదు అబ్బయ్యా. నార్వేనో, హిమాలయాలో, ఏదో పరాయి దేశం. ఎందుకంటే ఈ మామూలు ఫ్రాక్టల్ నేలకి పైనా కిందా తేడా తెలీదు, దాన్ని బోర్లా తిప్పినా అట్టే ఉంటాది, శిఖరాలు ఎట్టా ఉన్నయ్యో గుంటలూ అట్టే ఉంటయ్. మన నేల వాన కోసిన నేల. పైన సన్న వాగులు, అవి కలిసి పెద్ద వాగు, ఆ వాగులన్నీ పోయి పెన్నలో పడాల. లాటరీ నంబర్లకి నీళ్ళు పల్లానికి పోతయ్యని ఎవరు చెప్తారు? కెన్ మస్‌గ్రేవ్ అనే గ్రాఫిక్స్ పరిశోధకుడు, ఇంకో ఇద్దరు కలిసి 1989లోనే నీటి కోతని లెక్కగట్టి ఫ్రాక్టల్ నేల మీద ఎట్టా చెక్కాలో పేపర్ రాశారు, ఆ ముక్క ఈ ప్రోగ్రాంలో పెట్టి ఉంటే కథ వేరేగా ఉండేది.

అందుకని లాటరీ మానేసి అసలు నేలనే పట్టుకొచ్చా. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో భూమిని కొలిచింది గదా, ఆ ఎస్‌ఆర్‌టీఎం డేటా ఊరికే ఇస్తారు. మనకి కావాల్సింది ఎన్14ఈ079 అనే ఒక్క ఫైలు. ఉదయగిరి, సోమశిల, పెంచలకోన అన్నీ దాంట్లోనే, నెల్లూరు టౌన్ దాని తూర్పు అంచు మీద ఉంటాది, మైపాడు బీచ్ కావాలంటే పక్క ఫైలు. 2014 దాకా మన దేశానికి 90 మీటర్లకి ఒక చుక్క ఉండే డేటానే ఇచ్చేవోళ్ళు, తర్వాత 30 మీటర్లది వదిలారు. ఇక్కడే మన అదృష్టం కలిసొచ్చింది, టెర్రాజెన్ మామూలుగా చుక్కకి చుక్కకి మధ్య 30 మీటర్లు అనుకుంటాది, డేటా కూడా అంతే, కాబట్టి 513 చుక్కల ముక్క కోస్తే దాదాపు 15 కిలోమీటర్ల చదరం, ఒక దుర్గం కొండకి అది చాలా ఎక్కువ. కోసి టెర్రాజెన్ ఫార్మాట్‌లోకి మార్చడానికి జీడాల్ అనే ఫ్రీ టూల్ ఉంది, అన్నిటికంటే తక్కువ ఎత్తు ఎంత, ఎక్కువ ఎత్తు ఎంత అని మనమే చెప్పాల, చెప్పకపోతే కొండ అప్పడంలాగా వస్తాది. డేటాలో కొలత దొరకని చోట మైనస్ 32768 అని ఉంటాది, అది పూడ్చకుండా లోడ్ చేస్తే కొండ మధ్యలో పాతాళం కనపడతాది, అదొకటి చూసుకోండి.

ఇంక ఉదయగిరి దుర్గం రెండర్ చేసి, అంటే బొమ్మగా గీయించి చూడండి. కృష్ణదేవరాయలు ఈ కోట కోసం నెలల తరబడి ముట్టడి వేసి 1514లో గజపతుల కాడ తీసుకున్నాడని చదువుకున్నాం గదా, ఎందుకంత టైం పట్టిందో ఆ బొమ్మలో కొండ చరియ చూస్తే తెలిసిపోతాది. రంగుల సంగతి సర్ఫేస్ మ్యాప్‌లో ఉంటాది, ఈ ప్రోగ్రాంలో నాకు బాగా నచ్చింది అదే. పొర మీద పొర వేసుకోవచ్చు, ప్రతి పొరకీ ఇంత ఎత్తు నుంచి ఇంత ఎత్తు దాకా, ఇంత వాలు దాటితేనే అని షరతు పెట్టొచ్చు. నేను అడుగున ఎర్ర మట్టి, దాని మీద వాలు తక్కువున్న చోట ఎండు గడ్డి కలిసిన మాసిన పచ్చ, నిట్టనిలువుగా ఉన్న చోట మాత్రం బూడిద రంగు రాయి పెట్టా. గాలి రంగు దాని ఇష్టానికి వదిలితే పరాయి దేశం నీలం వేస్తాది, అట్మాస్ఫియర్‌లోకి పోయి ఆ నీలం తగ్గించి హేజ్, అంటే దుమ్ము మసక పెంచాల, అప్పుడు కనిగిరి రోడ్డులో మే నెల మధ్యాహ్నం లాగా అవతాది. సూర్యుణ్ణి మాత్రం నడినెత్తిన పెట్టొద్దు, మనకి ఏప్రిల్ ఆఖర్లో నిజంగానే నెత్తి మీదకి వస్తాడు గానీ బొమ్మలో నీడలు లేక కొండంతా చదునుగా కనపడతాది. తూర్పున 15 డిగ్రీల ఎత్తులో పెడితే ప్రతి వాగూ లెక్కపెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం, నీళ్ళు. ఈ ప్రోగ్రాంలో నీళ్ళకి ఒకటే మట్టం. ఒక నంబర్ ఇస్తే ఆ ఎత్తు కంటే కింద ఉన్నదంతా మునుగుద్ది. సముద్రాలూ ద్వీపాలూ గీసుకునేవాళ్ళకి అది సరిపోద్దేమో గానీ నెల్లూరు జిల్లాకి ఎట్టా కుదురుద్ది సామీ? మనది చెరువుల సీమ, ఒక చెరువు కలుజు (అలుగు) పారితే కింద చెరువు నిండేది, ఏ చెరువు మట్టం దానిదే. నేను సోమశిల, అనంతసాగరం చెరువు రెండూ వచ్చేట్టు ముక్క కోసి, సోమశిల నిండు మట్టం 330 అడుగులు గదా, అంటే 100.58 మీటర్లు, ఆ నంబర్ ఇచ్చా. రిజర్వాయర్ భలే నిండింది, దాంతో పాటు ఆనకట్ట కింద అనంతసాగరం చెరువు, ఆయకట్టు, ఊళ్ళు అన్నీ కలిసి ఒకటే నీళ్ళు. 2021 నవంబర్‌లో పెన్నా వరద అనుభవించినోళ్ళకి ఆ బొమ్మ చూపించే పని పెట్టుకోవద్దు.

దీనికంటే ముందు అమీగా కంప్యూటర్ల మీద నడిచిన విస్టాప్రో అనే ఇట్టాంటి ప్రోగ్రాంలో చెరువుకి వేరే బటన్, ఏరుకి వేరే బటన్ ఉండేవి, మ్యాప్ మీద ఎక్కడ నొక్కితే ఆ మట్టానికి అక్కడే నీళ్ళు. అంటే తెలీని విద్యేం కాదు, పెట్టలేదు అంతే.

ఉన్నదాంతోనే నేను నెట్టుకొచ్చే దారి ఏందంటే, కెమెరా కదపకుండా, మబ్బులు సూర్యుడు ముట్టుకోకుండా, సోమశిల మట్టంతో ఒకసారి, చెరువు మట్టంతో ఒకసారి, అసలు నీళ్ళే లేకుండా ఒకసారి రెండర్ చేసి మూడింటినీ జింప్ అనే ఫ్రీ ఫోటో ఎడిటర్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి, పై బొమ్మల్లోంచి ఏ నీళ్ళు ఎక్కడ కావాలో అక్కడి వరకే ఉంచి మిగతాది చెరపడం. కెమెరా అన్ని మట్టాల కంటే పైన ఉండాల, లేకపోతే ముందున్న ఉత్తుత్తి నీళ్ళు అడ్డం వస్తయ్. ఇంకో తంటా, చెరువు కట్ట వెడల్పు 30 మీటర్లు ఉండదు గదా, డేటాలో కట్ట సరిగ్గా కనపడదు, కట్ట తెగిన చెరువులాగా నీళ్ళు కిందకి పారిపోయినట్టు వస్తాది. స్కల్ప్ట్ అని ఒక టూల్ ఉంది, మౌస్‌తో నేల ఎత్తొచ్చు, దాంతో కట్ట నేనే పోశా, కాస్త లావుగా వచ్చింది, దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. తూములూ కలుజులూ అడక్కండి.

ఇంకో మాట, ఈ ఎస్‌ఆర్‌టీఎం డేటా 2000 నాటి కొలత. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలు దీంట్లో చూస్తే ఆ ఏడాది ఎంత లోతు ఉన్నయ్యో అంతే, తర్వాత తవ్వింది రాదు. రాడార్‌కి రిజర్వాయర్ అడుగు కూడా తెలీదు, నీళ్ళ పైభాగమే కొలిచింది.

ఈ ప్రోగ్రాంలో చెట్లు లేవు. తాటి చెట్టు లేని నెల్లూరు జిల్లా బొమ్మ ఏం బొమ్మ, అవి కూడా జింప్‌లో అతికించాల్సిందే. వేగం సంగతంటే, ఎన్ని కోర్లు ఉన్నా ఒక్క కోరే వాడుకుంటాది, మిగతావి ఖాళీగా కూర్చోని చూస్తా ఉంటయ్. డిటెయిల్ స్లయిడర్ చివరి దాకా లాగి, మబ్బుల నీడలు కూడా పెడితే రాత్రి వదిలేసి పడుకోవాల, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే, కాబట్టి యూపీఎస్ లేనోళ్ళు డిటెయిల్ సగంలో పెట్టుకోండి. ఒకే బొమ్మ మూడు సార్లు చేసే నాలాంటోడి బాధ మీరే ఊహించుకోండి, అందుకని నేను నీళ్ళ కోసం చేసే వాటిల్లో రెండర్ ఏరియాని ఆ ముక్క వరకే కత్తిరించుకుంటా.

ఇవన్నీ కొత్త టెర్రాజెన్‌లో సరిచేశారు, అది చెప్పకపోతే అన్యాయం. చెరువు ఎక్కడ కావాలంటే అక్కడ, దానికి సొంత మట్టం, చెట్లు వేలల్లో, కోర్లన్నీ పని చేస్తయ్. కానీ అది బో బరువు, నా డబ్బా మీద తెరవడమే ఎక్కువ, పైగా నోడ్‌లు అనే చిన్న డబ్బాలని తెర మీద వైర్లతో కలపడం నేర్చుకునే ఓపిక ఉండాల. మంచి కంప్యూటర్ ఉండేవాళ్ళు నేరుగా దాంట్లోకే పోండి, సొంతానికైతే ఊరికే వాడుకునే ఎడిషన్ ఉంది. పాత డబ్బా ఉన్నోళ్ళకి, ఒక్క కొండ చాలు చెరువులొద్దు అనుకునేవాళ్ళకి క్లాసిక్‌కి మించింది లేదు, నేనైతే అయిదుకి మూడున్నర ఇస్తా, కొండలకే అయితే నాలుగున్నర. ఫ్లెక్సులకి వాడేవాళ్ళు లైసెన్స్ షరతులు చదివి డబ్బులు కట్టి వాడండి. చేయబోయేవాళ్ళు మొదట పెంచలకోన ముక్కతో మొదలు పెట్టండి, ఆడ నీళ్ళ గొడవ తక్కువ, కోన ఆకారం మొదటి రెండర్‌లోనే గుర్తు పట్టొచ్చు.