విదేశాంగ శాఖ అటెస్టేషన్ పేరుతో మోసం: ఒరిజినల్స్ కొరియర్‌లో పంపేముందు ఇది చదవండి

విదేశాంగ శాఖ అటెస్టేషన్ చేయిస్తామని చెప్పినవాళ్లకు మా తమ్ముడి బీటెక్ పట్టా ఒరిజినల్ పంపించాం. మూడు విడతల్లో 23,700 రూపాయలు కట్టాం. తిరిగొచ్చింది దొంగ ముద్ర, దొంగ స్టిక్కర్ పడిన పట్టా. ఇప్పుడది ఎక్కడా చెల్లదు. ఉద్యోగానికో, చదువుకో, భర్త దగ్గరికి వెళ్లడానికో సర్టిఫికెట్లు పట్టుకుని ఇలాంటి వాళ్ల కోసం వెతికేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తమ్ముడికి సౌదీలో, దమ్మామ్‌లో సైట్ ఇంజనీర్ ఉద్యోగం వచ్చింది. డిగ్రీ సర్టిఫికెట్‌కు అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ, చేయించి మూడు వారాల్లో కాపీ పంపమని కంపెనీ అడిగింది. వాడు అప్పటికి పాత కంపెనీలో నోటీస్ పీరియడ్‌లో ఉన్నాడు, సెలవు దొరకదు. "అక్కా, ఈ ఒక్క పని నువ్వు చూడవా" అన్నాడు. సరేనన్నాను. ఆ రాత్రే ఫోన్‌లో వెతికితే మొట్టమొదట వచ్చిన సైట్ పైన మూడు సింహాల గుర్తు, పక్కన మూడు రంగుల గీత, పేరులో విదేశాంగ శాఖ అన్న మాట. అది డబ్బు కట్టి పైన పెట్టించుకున్న ప్రకటన అని చిన్న అక్షరాల్లో ఉంది. నేను చూసుకోలేదు.

ఫోన్ చేస్తే ఎత్తినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, మేం మినిస్ట్రీ ఆథరైజ్డ్. మామూలుగా అయితే నెల పడుతుంది. మీ టెన్షన్ నాకు అర్థమైంది, పది రోజుల్లో ఇప్పిస్తాం. జిరాక్స్ నడవదు, ఒరిజినల్ పంపండి." 14,500 అడిగాడు. యూపీఐ చేస్తే తెరమీద వచ్చింది ఎవరో ఒక మనిషి పేరు. ప్రభుత్వ ఫీజు ఒక మనిషి ఖాతాలోకి ఎందుకు పోతుందని ఆ క్షణంలో తట్టలేదు. వెంటనే వాట్సాప్‌లో సింహాల గుర్తున్న రసీదు పంపాడు, దాంతో నాకు ధైర్యం వచ్చేసింది.

ఆ పట్టా ఆరేళ్లుగా అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, మడత పడకుండా దాచిపెట్టిన కాగితం. రెండు అట్టల మధ్య పెట్టి నా చేత్తో నేనే కవర్‌లో పెట్టి కొరియర్ చేశాను.

వారం తర్వాత ఫోన్. ఢిల్లీలో ఫైల్ కదలడం లేదు, అర్జెంట్ కింద 3,200 కడితే ఈరోజే సంతకం అవుతుందన్నాడు. కట్టాను. ఇంకో నాలుగు రోజులకు, సౌదీ ఎంబసీ స్టాంపు కూడా పడాలి, దానికి 6,000 అన్నాడు. అప్పుడు మాత్రం కొంచెం అనుమానం వచ్చి, కంపెనీ వాళ్లు అపోస్టిల్ ఒక్కటే అడిగారు కదా అన్నాను. "అయితే మీ ఇష్టం మేడమ్, పేపర్ ఎంబసీ దగ్గర ఆగిపోతే మా బాధ్యత కాదు" అన్నాడు. పట్టా వాళ్ల చేతిలో ఉంది, గడువు వారమే ఉంది. ఆ మాటకు భయపడి అదీ కట్టాను. ఒరిజినల్ ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్ల చేతిలో ఉంటుంది.

నిజానికి ఆ ఎంబసీ స్టాంపు అక్కర్లేదు. అపోస్టిల్ అనేది 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఇచ్చే ధ్రువీకరణ. ఆ ఒప్పందం మన దేశానికి 2005 జులై 14 నుంచి అమల్లో ఉంది. సౌదీ అరేబియాకు 2022 డిసెంబర్ 7 నుంచి అమల్లోకి వచ్చింది. రెండు దేశాలూ అందులో ఉన్నాయి కాబట్టి మన విదేశాంగ శాఖ అపోస్టిల్ వేస్తే చాలు, మళ్లీ ఎంబసీకి వెళ్లే పని లేదు. యూఏఈ, కువైట్, ఖతార్ ఆ ఒప్పందంలో లేవు. వాటికి మన విదేశాంగ శాఖ మామూలు అటెస్టేషన్ చేశాక ఆ దేశపు ఎంబసీ ధ్రువీకరణ కూడా కావాలి. ఈ తేడా మనకు తెలియదనే వాళ్ల ధీమా. అవతలివాళ్లు అడిగింది అపోస్టిలా, ఎంబసీ అటెస్టేషనా అన్నది ముందే కంపెనీ దగ్గరో యూనివర్సిటీ దగ్గరో రాతపూర్వకంగా తీసుకోండి.

పట్టా పద్దెనిమిదో రోజు తిరిగొచ్చింది. వెనక్కి తిప్పి చూశాను. రాష్ట్ర ప్రభుత్వ ముద్ర ఊదారంగులో, ఒక పక్క సిరా కారి అక్షరాలు అలుక్కుపోయి ఉంది. సంతకం ఉంది కానీ దాని కింద అధికారి పేరూ హోదా చదవడానికి రావడం లేదు, తేదీ అసలు లేదు. స్టిక్కర్ మూల గోరు తగిలితేనే లేచింది. దాని మీద ఒక నంబరు ఉంది. అసలైన అపోస్టిల్‌కు ప్రతిదానికీ వేరే నంబరు ఉంటుంది, దాన్ని ఆన్‌లైన్‌లో ప్రపంచంలో ఎవరైనా సరిచూసుకోవచ్చు. నేను నంబరు కొట్టి చూస్తే ఏ వివరమూ రాలేదు. టైప్ చేయడంలో తప్పు పోయిందేమోనని నాలుగుసార్లు కొట్టాను. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పడానికి గంట పట్టింది నాకు.

డబ్బు తీసుకున్న ఆ ఏజెంట్‌కు ఫోన్ చేస్తే రెండు రోజులు "సర్వర్ అప్‌డేట్ అవుతోంది" అన్నాడు. మూడో రోజు నుంచి నంబర్ పనిచేయలేదు.

పట్టా తీసుకుని హైదరాబాద్ వెళ్లాను. విదేశాంగ శాఖ తరఫున కాగితాలు తీసుకునే అసలు ఏజెన్సీ ఒకటి కనుక్కుని, కౌంటర్ దగ్గర ఉన్నమ్మాయికి చూపించాను. ఆమె స్టిక్కర్ వైపు చూడనుకూడా లేదు. ముందు రాష్ట్ర ముద్ర చూసి, "ఇదే అసలుది కాదండీ" అంది. అప్పుడు నాకు ఈ పని ఎలా నడుస్తుందో తెలిసింది. విదేశాంగ శాఖ మన డిగ్రీ నిజమా కాదా అని కాలేజీకి వెళ్లి చూడదు. పట్టా ఏ రాష్ట్రంలో ఇచ్చారో ఆ రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ముందుగా ధ్రువీకరించాలి. ఆ అధికారి సంతకం నమూనా విదేశాంగ శాఖ దగ్గర ఉంటుంది. ఆ సంతకం సరిపోతేనే వాళ్లు పైన అపోస్టిల్ వేస్తారు. అంటే రాష్ట్రం ముద్ర పునాది. అది దొంగదైతే పైన ఏది అంటించినా నిలవదు. అంతేకాదు, ఒరిజినల్ వెనక ఒకసారి దొంగ ముద్ర పడ్డాక దాన్ని చెరపలేం, దాని పక్కన అసలు ముద్ర వేయడానికి ఏ అధికారీ ఒప్పుకోడు. పోయిన డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

చివరికి యూనివర్సిటీలో డూప్లికేట్ పట్టాకు దరఖాస్తు పెట్టాం. మా వాడి యూనివర్సిటీలో పోలీసు ఫిర్యాదు కాపీ, నోటరీ అఫిడవిట్ అడిగారు. అది చేతికి రావడానికి నెల దాటింది. కంపెనీ దయతలచి చేరే తేదీని ఒకసారి వాయిదా వేసింది కాబట్టి ఉద్యోగం నిలిచింది. అందరి కంపెనీలూ అలా ఆగవు.

రెండోసారి పద్ధతి ప్రకారం చేసినప్పుడు కట్టిన డబ్బు చూసి ఏడుపొచ్చింది. అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ తీసుకునే ఫీజు ఒక్కో పత్రానికి 50 రూపాయలు. మామూలు అటెస్టేషన్‌కైతే శాఖ ఫీజే లేదు. రెండింటికీ ఏజెన్సీ సర్వీస్ చార్జీ, పేజీల స్కానింగ్ చార్జీ కలుస్తాయి, అంతే. 2012 జులై నుంచి విదేశాంగ శాఖ ఈ కాగితాలను జనం దగ్గర నేరుగా తీసుకోవడం ఆపేసి, తాను ఎంపిక చేసిన ఏజెన్సీల ద్వారానే తీసుకుంటోంది. మోసగాళ్లకు సందు దొరికేది ఇక్కడే. మధ్యలో ఏజెన్సీ ఉండటం నిజమే కాబట్టి "మేమే ఆ ఏజెన్సీ" అంటే మనం నమ్మేస్తాం. కానీ ఆ ఏజెన్సీల పేర్లు, చిరునామాలు శాఖ వెబ్‌సైట్ ఎంఈఏ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఉంటాయి. ఫోన్‌లో మాట్లాడిన సంస్థ పేరు ఆ జాబితాలో లేకపోతే మాట అక్కడితో ఆపేయండి. ఇంకో మాట, ఢిల్లీ ఫైల్ అని చెప్పి భయపెడితే లొంగకండి. 2019 నుంచి ఈ పని హైదరాబాద్‌లోని విదేశాంగ శాఖ బ్రాంచ్ సెక్రటేరియట్‌లో కూడా జరుగుతోంది. పత్రాలను ఆన్‌లైన్‌లో ధ్రువీకరించే ప్రభుత్వ పోర్టల్ ఈ-సనద్‌లో మీ విద్యాసంస్థ చేరి ఉంటే ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకునే వీలుంది, ముందు అది చూసుకోండి.

తిరగలేని వాళ్ల తరఫున తిరిగిపెట్టి, దానికి డబ్బు తీసుకునేవాళ్లంతా దొంగలని నేననడం లేదు. పల్లెటూరి నుంచి వచ్చి మూడు ఆఫీసులు తిరగడం అందరివల్లా కాదు. అలా ఇచ్చేటప్పుడు వాళ్ల కష్టానికి ఎంత, ప్రభుత్వ ఫీజు ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ఎదురుగా కూర్చుని, మీ పత్రం నంబరు రాసిన రసీదు చేతికి తీసుకుని, అప్పుడే ఒరిజినల్ ఇవ్వండి. ఇచ్చేముందు రెండు వైపులా ఫొటో తీసుకోండి. నా దగ్గర ముందు ఫొటో ఒక్కటే ఉంది, వెనక వైపు తీయలేదు. ఆ ముద్ర మేం పంపకముందు లేదని పోలీసుల దగ్గర చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ లోటు తెలిసింది.

పాస్‌పోర్ట్ విషయంలోనూ ఇదే తంతు. మా పిన్ని కూతురు ఇలాంటి సైట్‌లోనే దరఖాస్తు నింపబోతే ఈసారి నేను ఆపగలిగాను. అసలు సైట్ పాస్‌పోర్ట్ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్, అసలు యాప్ ఎంపాస్‌పోర్ట్ సేవ. పెద్దవాళ్లకు 36 పేజీల కొత్త పాస్‌పోర్ట్ ఫీజు 1,500, తత్కాల్ అయితే పైన ఇంకో 2,000. చివర గవ్ డాట్ ఇన్ లేని చోట ఆధార్ నంబరు కూడా కొట్టొద్దు. అక్కడ పోయేది డబ్బు ఒక్కటే కాదు, మీ పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఇంటి చిరునామా అన్నీ వాళ్లకు అందుతాయి. అనుమానం ఉంటే పాస్‌పోర్ట్ కాల్ సెంటర్ 1800 258 1800కి ఫోన్ చేసి అడగండి.

గల్ఫ్ పని ఇప్పిస్తామనే ఏజెంట్ల గురించి కూడా ఒక్క మాట. విదేశాల్లో పనికి వెళ్లేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ తీసుకోగలిగే సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. లక్షల్లో అడుగుతున్నాడంటే అతని రిజిస్ట్రేషన్ ఆ పోర్టల్‌లో ఉందో లేదో వెంటనే చూడండి.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నేను ఆఖరి విడత కట్టిన పదకొండు రోజులకు చేశాను. అప్పటికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదన్నారు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, కేసు నడుస్తోంది.

ఇప్పుడు ఇది చదువుతున్న మీ పట్టా, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్ ఇప్పటికే ఎవరి దగ్గరైనా ఉంటే, రేపటిదాకా ఆగకుండా ఫోన్ చేయండి. కాగితం ఈరోజు ఏ ఆఫీసులో ఉంది, రాష్ట్ర ధ్రువీకరణ ఏ తేదీన అయింది, ముద్ర పడిన వైపు ఫొటో పంపండి అని అడగండి. జవాబు నాన్చితే ఇంకో రూపాయి కట్టకుండా, ఒరిజినల్ వెనక్కి అడిగి, మీ ఊరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు పెట్టండి.