ఓడ డెక్కు మీద జెండా పండుగ: అయిదు ప్రయాణాల తర్వాత నా మాట

మాది ఒడిశాలోని బరంపురం. తెలుగు మాధ్యమం బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి ఇంగ్లండులో, అబ్బాయి సియాటిల్‌లో స్థిరపడడంతో 2015 నుంచి 2024 లోపు అయిదు సార్లు విహారనౌక ఎక్కాం. మూడు సార్లు ఇంగ్లండు రేవు సౌతాంప్టన్ నుంచి, ఒకసారి సియాటిల్ నుంచి అలాస్కాకు, ఒకసారి ముంబై నుంచి గోవాకు. ఈ అయిదింటిలోనూ డెక్కు మీద దేశభక్తి పార్టీ, అంటే జెండాలతో, పాటలతో సందడి, జరిగింది. ఓడ ప్రయాణం గురించి నన్ను అడిగే మనవాళ్లందరూ వీసా గురించి, శాకాహారం గురించి, కడుపులో తిప్పడం గురించి అడుగుతారు. ఈ పార్టీ సంగతి ఎవరూ అడగరు. కానీ మొదటి సాయంత్రం మీకు ఎలా గడుస్తుందో చాలావరకు తేల్చేది అదే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఓడల పేర్లు మాత్రం రాయడం లేదు.

మొదటిసారి, 2015 జూన్, సౌతాంప్టన్ నుంచి. లైఫ్‌జాకెట్ల కసరత్తు ముగియగానే జనమంతా ఈతకొలను ఉన్న పై డెక్కుకు ఎక్కారు. అప్పట్లో ప్రయాణికులందరినీ ఒకేసారి పోగుచేసి ఆ కసరత్తు చేయించేవారు. కొవిడ్ తర్వాత ఎక్కిన ఓడల్లో ఎవరికి వారే వెళ్లి తమ చోటు చూసుకుని వచ్చాం. రెయిలింగు పొడవునా ఎరుపు, తెలుపు, నీలం తోరణాలు కట్టారు. సిబ్బంది బుట్టల్లో బ్రిటన్ జాతీయ జెండా యూనియన్ జాక్‌లు, చిన్నవి, పెట్టుకుని వరుసల మధ్య తిరుగుతూ చేతికొకటి ఇస్తున్నారు. మా దగ్గరికి వచ్చిన కుర్రవాడు గోవావాడు. అందరికీ అడగకుండానే ఇచ్చుకుంటూ వచ్చినవాడు మా ముందు ఒక్క క్షణం ఆగి, "మీకూ ఇవ్వనా?" అని హిందీలో అడిగాడు. మా వారు వెంటనే చెయ్యి చాచారు. నేను ఒద్దన్నాను.

మా వారి స్వభావం చెప్పాలి. బాకా, డప్పు చెవిన పడితే ఆయన కాలు నిలవదు. రెండేళ్లకోసారి మా ఊళ్లో బుఢీ ఠాకురాణి జాతర జరిగినప్పుడు పులివేషాల వెనక అర్ధరాత్రి దాకా తిరిగే మనిషి. ఆ రోజు కూడా మాటలు తెలియని పాటలకు రాగం పట్టుకుని, పక్కనున్న వాళ్లతో భుజాలు కలిపి ఊగారు. నాలుగో పాటకల్లా ఆయనకు అరడజను మంది స్నేహితులయ్యారు. ఆ స్నేహం పన్నెండు రోజులూ భోజనాల బల్ల దగ్గర నిలిచింది. ఈ పార్టీ వల్ల కలిగే మేలు ఇదే, చిన్నది కాదు. ముక్కూ మొహం తెలియని రెండు వేల మంది ఒక్క గంటలో ఒకరికొకరు నవ్వడం నేర్చుకుంటారు.

నా ఇబ్బంది వేరే. పార్టీ మైకు మోగుతుండగానే ఓడ కదిలింది. తాళ్లు విప్పడం నేను చూడలేదు. కూత వేసిందో లేదో కూడా వినపడలేదు. తల తిప్పి చూసేసరికి రేవుకూ ఓడకూ మధ్య వీధి వెడల్పున నీళ్లు.

ఇంత చిన్న విషయానికి నాకు ఎందుకు కడుపు తరుక్కుపోయిందో చెబుతాను. మా అమ్మ పుట్టింది గోపాలపూర్‌లో, మాకు పదిహేను కిలోమీటర్లు. ఒకప్పుడు అది రంగూన్ వెళ్లే రేవు. ఓడ ఒడ్డుకు రాదు. దూరంగా లంగరు వేసుకుని ఉంటుంది. కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో కెరటాలు దాటించి మనుషులను దాని దగ్గరికి చేర్చేవారు. మా తాతయ్య వెళ్లింది డెక్కు టికెట్టు మీద. అంటే గది లేదు, మంచం లేదు. డెక్కు మీద చాప పరచుకుంటే ఆ చాపే ఆయన చోటు. రంగూన్‌లో బియ్యం మిల్లు కూలి. 1942లో జపాన్ సేనలు రంగూన్‌ను పట్టుకున్నాక వేలాది మందితో పాటు నడిచి వచ్చారు. ఆయన వెళ్లిన రోజున అమ్మమ్మ ఇసుకలో నిలబడి, ఓడ పొగ కనుమరుగైన తర్వాత కూడా చాలాసేపు కదల్లేదట. అమ్మ ఈ మాట చెప్పినప్పుడల్లా చేతిలో పని ఆపేసేది. గోపాలపూర్ వెళితే పాత జెట్టీ స్తంభాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఓడ రేవు వదిలే ఘడియ నాకు అలాంటిది. కళ్లారా చూడాలి, చెవులారా వినాలి. ఆ ఘడియ ఓడలో ఉన్న అందరిదీ. పాట అందులో కొందరిది. కొందరి పాట కోసం అందరి ఘడియను ఖర్చు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. తొమ్మిదేళ్లలో అది మారలేదు.

పాటల గురించి కూడా ఒక మాట. బ్రిటిష్ ఓడల మీద తప్పకుండా వినిపించేది 1740 నాటి 'రూల్ బ్రిటానియా'. బ్రిటన్ వాళ్లు ఎన్నటికీ బానిసలు కాబోరని దాని పల్లవి సారాంశం. ఆ పాట పుట్టిన కాలంలో ఆ దేశపు ఓడలే ఆఫ్రికా నుంచి బానిసలను మోశాయి. ఆ వ్యాపారాన్ని చట్టంతో ఆపింది 1807లో. చరిత్ర పాఠం చెప్పిన నోటికి ఆ పల్లవి పలకదు. ఇది వలస పాలన చూసిన మన లాంటి వాళ్లకు మాత్రమే తోచే అభ్యంతరం అనుకునేదాన్ని. అది పొరపాటు. 2020లో లండన్ ప్రామ్స్ సంగీతోత్సవం ముగింపు రాత్రి ఈ పాటను మాటలు లేకుండా వాయించాలని బీబీసీ మొదట నిర్ణయించింది. పెద్ద దుమారం రేగాక మనసు మార్చుకుని మాటలతోనే పాడించింది. అంటే ఆ ఇంటివాళ్ల మధ్యనే ఈ తగవు ఉంది. పాడేవాళ్ల మీద నాకు కోపం రాలేదు. నా ముందున్న పెద్దాయన చక్రాల కుర్చీలో కూర్చుని, జెండా ఊపడానికి చెయ్యి లేవక, మోకాలి మీదే దాన్ని లయగా ఆడిస్తూ కళ్లు తుడుచుకున్నారు. ఆయన ఏ జ్ఞాపకంతో పాడారో ఆయనకే తెలుసు. ఆ కన్నీళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేను పాడలేదు, అంతే.

2019లో సౌతాంప్టన్ నుంచి రెండోసారి వెళ్లినప్పుడు మా వారిని పైకి పంపి, నేను ఓడ వెనక డెక్కు చూసుకున్నాను. మైకు అక్కడికి సగమే వినిపిస్తుంది. పక్క కుర్చీలో నా వయసు ఆవిడ టీ తాగుతూ ఉంది. మీరు పైకి వెళ్లలేదేమని అడిగితే సంచిలోంచి చిన్న జెండా తీసి చూపించింది. ఆకుపచ్చ, తెలుపు మీద ఎర్రటి డ్రాగన్. ఆవిడది వేల్స్. యూనియన్ జాక్‌లో ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు శిలువలు ఉన్నాయి, మా డ్రాగన్ లేదు, ఆ పాటలు నాకు ఇష్టమే కానీ ఆ జెండా ఊపుతుంటే ఇంట్లో ఎవరినో మరిచిపోయి వచ్చినట్టు ఉంటుంది అంది. ఆవిడే ఓడ తోకన ఎగురుతున్న జెండా కూడా చూపించింది. అది ఎర్రని బర్ముడా జెండా. బ్రిటిష్ ఓడలుగా పేరున్న వాటిలో కొన్ని అక్కడ నమోదై ఉంటాయి.

నేను మా ఊరి సంగతి చెప్పాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులోకి వచ్చిందని, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడతామని, రెండూ మావేనని. మన జాతీయగీతంలో ద్రావిడ, ఉత్కళ పక్కపక్కనే వస్తాయి. మా బడిలో ఆ రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి పిల్లల గొంతులు రెట్టింపయ్యేవి. ఎవరూ నేర్పలేదు. తమ పేరు పిలిచినట్టు తలలెత్తి పాడేవారు. ఇది చెబితే ఆవిడ టీ కప్పు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఆ ప్రయాణంలో నాకు దక్కిన గొప్ప సాయంత్రం అది.

అమెరికన్ ఓడ మీద 2017 జులై 4, అంటే వాళ్ల స్వాతంత్ర్య దినం, గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఎరుపు, తెలుపు, నీలం దుస్తులు, మొక్కజొన్న కంకులు, పిల్లలకు పోటీలు. ఊరేగింపులా కాకుండా పెరట్లో విందులా ఉంది. ఆ ఓడ నమోదైంది బహామాస్‌లో. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం అలాంటి విదేశీ నమోదు ఓడ అలాస్కా వెళ్లి సియాటిల్‌కే తిరిగి రావాలంటే మధ్యలో విదేశీ రేవు తాకాలి. అందుకే కెనడాలోని విక్టోరియాలో ఒక రాత్రి ఆగాం. ఆ ఓడ మీద నాకు నచ్చిందల్లా, పాడమని ఎవరూ ఎవరినీ అడగకపోవడం.

ముంబై ఓడ మీద 2023 జనవరి 26 నన్ను ఎక్కువ బాధపెట్టింది, మనది కాబట్టి. ఉదయం కార్యక్రమం చక్కగా జరిగింది. సముద్రపు గాలికి జెండా విప్పారగానే పూలరేకులు కింద పడకుండా అడ్డంగా ఎగిరి, నీళ్ల మీదికి వెళ్లిపోయాయి. ముప్ఫై ఏళ్లు జెండాలో రేకులు చుట్టి ముడి వేసిన నేను అలాంటి దృశ్యం ఎప్పుడూ చూడలేదు. గీతం పాడిన ఆ యాభై రెండు సెకన్లు ఈతకొలనులో ఉన్న పిల్లలు కూడా తడిబట్టలతో కదలకుండా నిలబడ్డారు. సాయంత్రం మాత్రం అదే డెక్కు మీద డీజే పెట్టి, సినిమా దేశభక్తి పాటలకు మద్యం గ్లాసులు పట్టుకుని నృత్యం చేశారు. పంచిన కాగితపు జెండాలు తడినేల మీద పడి కాళ్ల కింద నలిగాయి. మన జెండా నియమావళిలో కాగితపు జెండాలు నేల మీద పారవేయకూడదని స్పష్టంగా ఉంది. మా వారు, నేను, ఒక మరాఠీ జంట కలిసి వంగి ఏరాం. సంతోషంగా ఆడుతున్న కుర్రకారును తిట్టాలని నాకు లేదు. వాళ్ల ఆనందమూ దేశం మీద ప్రేమే. కానీ జెండాలు పంచినవాళ్లు వాటిని తిరిగి తీసుకునే ఏర్పాటు కూడా చేయాలి. సౌతాంప్టన్ ఓడల్లోనూ ప్లాస్టిక్ పుల్లల జెండాలు గాలికి సముద్రంలోకి ఎగిరిపోవడం కళ్లారా చూశాను. ఓడల నుంచి సముద్రంలోకి ప్లాస్టిక్ వేయడంపై 1988 చివరి నుంచే అంతర్జాతీయ నిషేధం ఉంది. చేతికి ఇచ్చే వస్తువు దగ్గరే ఆ జాగ్రత్త మొదలవ్వాలి.

2024లో ఎక్కిన ఓడ ఈ పనులన్నీ సరిగ్గా చేసింది. మొదటి సాయంత్రం మైకు లేదు. నలుగురు వాద్యకారులు ఒక మూల మెల్లగా వాయించారు. ఓడ మూడుసార్లు కూత వేసింది. నా మనవరాలు చెవులు మూసుకుని, వెంటనే తెరిచి, "అమ్మమ్మా, ఇంకోసారి వేయమని చెప్పు" అంది. జెండాల పార్టీ తిరుగు ప్రయాణంలో, పక్కకు జరిపి తెరిచే పైకప్పు కింద, రాత్రి భోజనాల తర్వాత పెట్టారు. ఇష్టమున్నవాళ్లే వచ్చారు, అయినా చోటు చాలలేదు. ఇంగ్లండు పాటలతో పాటు స్కాట్లండు, వేల్స్, ఐర్లండు పాటలు కూడా పాడారు. జెండాలు గుడ్డవి. చివర్లో గుమ్మాల దగ్గర బుట్టలు పెట్టి అన్నీ వెనక్కి తీసుకున్నారు. ఆ రాత్రి నేనూ వెళ్లి చివరి దాకా కూర్చున్నాను.

అయితే ఇది అందరికీ నచ్చలేదు. ఇరవై ఏళ్లుగా ఓడలు ఎక్కుతున్నామన్న ఒక జంట, జెండాలు లేని బయలుదేరడం ఉప్పు లేని పప్పులా ఉందన్నారు. మా వారిదీ అదే మాట. "రేవులో నిలబడ్డ వాళ్లకు జెండా ఊపకపోతే ఓడ ఎక్కినట్టే లేదు" అని రెండు రోజులు అన్నారు. ఆయన బాధ నిజమైనదే. ఆ ఉరకలేసే మొదటి గంట ఆయనకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు.

వెళ్లేవాళ్లకు నా సూచనలు ఇవి. ఈతకొలను డెక్కుకు సరిగ్గా కింద ఉన్న అంతస్తులో గది తీసుకోకండి. కుర్చీలు జరిపే చప్పుడు కూడా నెత్తిమీదే ఉంటుంది. రెండు అంతస్తులు కిందికి దిగితే చాలు. పార్టీ కావాలనుకుంటే గంట ముందే పైకి వెళ్లండి. జూన్‌లో కూడా స్వెట్టరు ఉండాలి. ఓడ కదలడం చూడాలంటే వెనక డెక్కు మంచిది. పార్టీ ఏ రోజున, ఏ డెక్కు మీద జరుగుతుందో టికెట్టు కొనే ముందే అడగండి.

వచ్చే జూన్‌కు మళ్లీ సౌతాంప్టన్ నుంచే టికెట్టు తీసుకున్నాం. ఈ ఓడలో పాత పద్ధతేనట, మొదటి సాయంత్రమే పార్టీ. మా వారు పైకి వెళతారు. నేను కుడివైపు బాల్కనీ గది అడిగి తీసుకున్నాను. సౌతాంప్టన్ నుంచి బయటికి వచ్చి తూర్పుకు తిరిగాక ఐల్ ఆఫ్ వైట్ దీవి తీరం, కౌస్ ఊరు ఆ వైపే కనిపిస్తాయి. కౌస్ దాటేదాకా నేను అక్కడే కూర్చుంటాను. ఆ తర్వాత పైకి వచ్చి ఆయన పక్కన నిలబడతానని మాట ఇచ్చాను.