జూన్ 22: మారడోనా రోజా, స్పెయిన్ రోజా?

జూన్ నెల వచ్చిందంటే ఫుట్‌బాల్ అభిమానులు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: జూన్ 22న జరిగిన మ్యాచ్‌లన్నింటిలో ఏది గొప్పది? అడిగేవారిలో చాలామంది దగ్గర జవాబు కూడా ఉంటుంది. 1986 ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్, మెక్సికోలోని అజ్టెకా మైదానం, అర్జెంటీనా 2, ఇంగ్లండ్ 1.

ఆ జవాబును తేలిగ్గా తోసిపుచ్చలేము. 51వ నిమిషంలో ఇంగ్లండ్ ఆటగాడు హాడ్జ్ కాలికి తగిలి పైకి లేచిన బంతిని, తనకంటే ఎంతో పొడగరి అయిన గోల్‌కీపర్ షిల్టన్‌తో పాటు ఎగిరి, అర్జెంటీనా నాయకుడు మారడోనా చేతితో గోల్‌లోకి నెట్టాడు. మరో నాలుగు నిమిషాలకే, మైదానంలో తమ సగంలో బంతి అందుకుని, ఎదురొచ్చిన వారిని ఒక్కొక్కరినే దాటుకుంటూ, ఒక్క డిఫెండర్ బుచర్‌నైతే రెండుసార్లు తప్పించుకుని, చివరకు షిల్టన్‌ను కూడా పక్కకు నెట్టేసినంత సులువుగా దాటి రెండో గోల్ చేశాడు. ఆట సొగసు ఒక్కటే కొలమానమైతే చర్చ అక్కడితో ముగిసిపోతుంది.

1974 ప్రపంచ కప్పులో హాంబర్గ్‌లో తూర్పు జర్మనీ, స్పార్‌వాసర్ గోల్‌తో పశ్చిమ జర్మనీని 1-0తో ఓడించినదీ ఈ రోజే. అయితే చివరకు ప్రపంచ కప్పు గెలిచింది ఓడిన జట్టే. 1994 ప్రపంచ కప్పులో అమెరికాపై ఆడుతూ కొలంబియా డిఫెండర్ ఎస్కోబార్ పొరపాటున బంతిని సొంత గోల్‌లోకే పంపి సెల్ఫ్ గోల్ చేసినదీ ఈ రోజే. పది రోజులకే ఆయన హత్యకు గురయ్యాడు కనుక, ఆ మ్యాచ్‌ను ఈ పోలికలో నిలబెట్టడానికి నాకు మనసొప్పదు.

అయితే మనం పోలుస్తున్నది ఒక తేదీ చుట్టూ ఉన్న మ్యాచ్‌లను కాబట్టి, ఆడుతున్నవారి మీద ఆ తేదీ బరువు ఎంత ఉన్నదనేదే నా దృష్టిలో అసలు కొలత. మారడోనా మ్యాచ్ జూన్ 21న జరిగి ఉన్నా దాని విలువ రవ్వంత కూడా తగ్గేది కాదు, ఎందుకంటే దాని వెనుక ఉన్న ఉద్రిక్తత బ్రిటన్, అర్జెంటీనాల మధ్య 1982లో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధం తెచ్చినది. స్పెయిన్ సంగతి అలా కాదు. మారడోనా గోల్స్ చేసిన ఆ రోజే, కొన్ని గంటల తరువాత, ప్యూబ్లాలో స్పెయిన్ బెల్జియం చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడిపోయింది. 1996లో ఐరోపా దేశాల పోటీ అయిన యూరోలో మళ్లీ జూన్ 22నే, వెంబ్లీలో ఇంగ్లండ్ చేతిలో, మళ్లీ పెనాల్టీలలోనే ఓడింది. 2002 ప్రపంచ కప్పులో అదే తేదీన గ్వాంగ్‌జులో దక్షిణ కొరియాపై అదనపు సమయంలో స్పెయిన్ ఆటగాడు మోరియెంటెస్ తలతో కొట్టిన బంతి గోల్‌లో పడింది. అదనపు సమయంలో మొదటి గోల్ చేసిన జట్టే గెలిచినట్టు లెక్కించే గోల్డెన్ గోల్ నిబంధన అమలులో ఉన్నందున ఆట అక్కడే ముగియవలసింది. కానీ సహచరుడు హొవాకిన్ ఆ బంతిని పక్క నుంచి క్రాస్ చేయకముందే అది మైదానం హద్దు గీత దాటిందని లైన్స్‌మన్ జెండా ఎత్తడంతో గోల్ చెల్లలేదు. తరువాత షూటౌట్‌లో ఆ హొవాకిన్ కొట్టిన పెనాల్టీనే కొరియా కీపర్ ఆపేశాడు. మూడుసార్లూ క్వార్టర్ ఫైనలే, మూడుసార్లూ పెనాల్టీలే.

అందుకే 2008 జూన్ 22న వియన్నాలో ఇటలీతో ఆడిన యూరో క్వార్టర్ ఫైనల్ 0-0తో ముగిసి పెనాల్టీలకు వెళ్లినప్పుడు, స్పెయిన్ అభిమానులకు ఎదురుగా నిలిచింది ఇటలీ గోల్‌కీపర్ బుఫాన్ ఒక్కడే కాదు, ఆ తేదీ కూడా. ఆ ఆటలో చూడదగ్గ గోల్ ఒక్కటీ లేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అయినా నా ఓటు దీనికే. గ్వాంగ్‌జులో 21 ఏళ్ల వయసులో గోల్ ముందు నిలబడిన స్పెయిన్ కీపర్ కాసియాసే ఇక్కడా నిలబడి, ఇటలీ ఆటగాళ్లు డె రోసీ పెనాల్టీని, ఆపై డి నటాలే పెనాల్టీని ఆపాడు. నడుమ స్పెయిన్ ఆటగాడు గూయిసా కిక్‌ను బుఫాన్ అడ్డుకున్నా, చివరి కిక్‌ను ఫాబ్రెగాస్ గోల్‌గా మలచడంతో స్పెయిన్ 4-2తో గట్టెక్కింది. సరిగ్గా వారానికి, అదే మైదానంలో జర్మనీని ఓడించి 44 ఏళ్ల తరువాత యూరో కప్పు అందుకున్నప్పుడు, జట్టు నాయకుడిగా దానిని పైకెత్తినవాడు కాసియాసే.