రన్నింగ్ వాచ్ కొనేవాళ్ళకి హెచ్చరిక: “పది రోజులు వాడండి సార్, అదే సెట్ అవుద్ది” అంటే నమ్మొద్దు

ముందు విషయం చెప్పేస్తా, కథ తర్వాత. జీపీఎస్ వాచ్ (శాటిలైట్ సిగ్నల్ బట్టి దూరం లెక్కేసేది) కొంటే డబ్బా విప్పిన మర్నాడే తెలిసిన దూరం మీద పరిగెత్తి చూసుకోండి, తేడా కొడితే ఆ రోజే రిటర్న్ పెట్టెయ్యండి. కొన్నాళ్ళు వాడితే సర్దుకుంటది అని ఎవరన్నా చెప్తే వినొద్దు. నేను విన్నా, 18,499 రూపాయలు అలా ఇరుక్కుపోయాయి. కంపెనీ పేరు ఇక్కడ రాయట్లేదు, కంప్లైంట్ ఇంకా నడుస్తంది, ఇన్‌బాక్సుల్లో కూడా అడక్కండి.

నాది విజయవాడ కృష్ణలంక. రెండేళ్ళుగా పొద్దున్నే ఐదింటికి ప్రకాశం బ్యారేజీ మీద పరిగెత్తుతున్నా, ఎండ ఎక్కితే మన ఊళ్ళో ఏడు తర్వాత పరుగు కాదు కదా నడక కూడా కష్టమే. ఇన్నాళ్ళూ ఫోను నడుముకి కట్టుకునే లాగించా. ఈసారి హాఫ్ మారథాన్‌కి సీరియస్‌గా ప్రాక్టీస్ చేద్దామని ఆన్‌లైన్‌లో వాచ్ తెప్పించా, డబ్బా మీద డ్యూయల్ బ్యాండ్ (రెండు ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ అందుకుంటది) అనీ ఐదు శాటిలైట్ సిస్టమ్స్ అనీ పెద్ద పెద్ద అక్షరాలు. మొదటి రెండు రోజులు నా అంత ఆనందం ఎవరికీ లేదు. ఎప్పుడూ కిలోమీటరుకి 7 నిమిషాల పైన పట్టేవాడిని 6:20 చూపించింది. ఇంటికొచ్చి మా ఆవిడకి చూపిస్తే “వాచీ మారిస్తే కాళ్ళు మారిపోతాయా” అంది. అప్పుడు కోపమొచ్చింది గానీ ఆ మాట నాకే తట్టుండాల్సింది.

మూడో రోజు యాప్‌లో మ్యాప్ పెద్దది చేసి చూశా. బ్యారేజీ తిన్నగా గీత గీసినట్టు ఉంటది కదా, నా గీత మాత్రం పాములా మెలికలు తిరిగి ఓసారి ఎగువ వైపు నీళ్ళలోకి, ఓసారి దిగువ ఇసుకలోకి పోయి వచ్చింది. దాని ప్రకారం నేను ఆ పొద్దున కృష్ణలో దిగి ఈదుకుంటూ అవతలి ఒడ్డు సీతానగరం పోయా. అంత మెలికలు తిరిగితే దూరం పెరగదా మరి, దూరం పెరిగితే స్పీడు పెరిగినట్టే కదా, నా 6:20 గుట్టు అదన్నమాట.

నాలుగో రోజు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. ఆ అమ్మాయి చాలా మర్యాదగా “కొత్త డివైస్ కదా సార్, మీ రన్నింగ్ స్టైల్ నేర్చుకోవాలి, పది రోజులు వాడండి, అదే కాలిబ్రేట్ అవుద్ది” అంది. రిటర్న్ గడువేమో 7 రోజులు! లెక్క అర్థమైందా? నాకు అప్పుడు అర్థం కాలేదు. పద్నాలుగో రోజు మళ్ళీ చేస్తే “రిటర్న్ విండో క్లోజ్ అయింది సార్, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి” అన్నారు.

ఆ అమ్మాయి చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అదే ఇక్కడ మెలిక. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తేటప్పుడు శాటిలైట్ ఉండదు కాబట్టి చెయ్యి ఊపు, అడుగు పొడవు బట్టి వాచ్ దూరం అంచనా వేస్తది, ఆ అంచనా వాడేకొద్దీ మెరుగవుద్ది. కానీ జీపీఎస్ నేర్చుకునే సరుకు కాదు. ఆ శాటిలైట్లు భూమికి 20,200 కిలోమీటర్ల పైన తిరుగుతుంటాయి, కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే అది ఎంతసేపట్లో చేరిందో చూసి మనం ఎక్కడున్నామో లెక్క కడతది. అంత చిన్న లెక్కలో సెకనులో వంద కోట్లో వంతు తప్పితే 30 సెంటీమీటర్లు జరిగిపోద్ది. యాంటెన్నా బాగోలేకపోతే పది రోజులు కాదు పదేళ్ళు వాడినా అంతే.

నా తప్పులు కూడా ఒప్పుకోవాలి. మొదటి రెండు రోజులు సిగ్నల్ దొరక్కముందే స్టార్ట్ నొక్కేశా. ఒక్కో శాటిలైట్ తన దారి వివరాలు పంపడానికే 30 సెకన్లు పడతది, అందుకే ఫోన్‌తో సింక్ చేసి ఆ డేటా ముందే దించుకోవాలి, బయటికొచ్చి ఒక నిమిషం నిలబడి లాక్ అయ్యాకే కదలాలి. ఇంకోటి, డ్యూయల్ బ్యాండ్ అని డబ్బా మీద ఉన్నా సెట్టింగ్స్‌లో ఆఫ్‌లో ఉంది, బ్యాటరీ ఎక్కువ రోజులు వచ్చినట్టు కనపడాలని కాబోలు. అవన్నీ సరిచేశాకే అసలు టెస్ట్ మొదలుపెట్టా.

మన బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. ఈ చివర ఒక స్తంభం, ఆ చివర ఒక స్తంభం గుర్తు పెట్టుకుని నాలుగు సార్లు పోయి రావడం, అంటే 9.79 కిలోమీటర్లు. నా స్తంభాలు కచ్చితంగా ఆ కొలత మొదలూ చివరా కాకపోవచ్చు, ఒక్కో ట్రిప్పుకి పదీ ఇరవై మీటర్లు అటూ ఇటూ వేసుకోండి, కానీ రోజూ అవే స్తంభాలు కాబట్టి రోజూ ఒకటే నంబర్ రావాలి కదా. కుడి చేతికి కొత్త వాచ్, ఎడమ చేతికి నా ఫ్రెండ్‌ది నాలుగేళ్ళ పాత వాచ్, దానికి డ్యూయల్ బ్యాండూ లేదు గాడిద గుడ్డూ లేదు. రెండు చేతులకీ రెండు వాచీలు చూసి టీ కొట్టు బాబాయ్ “ఏం బాబూ, ఒకటి అమెరికా టైమా” అన్నాడు.

పాతది మూడు రోజుల్లో 9.83, 9.80, 9.86. కొత్తది 10.94, 10.31, 11.26. రెండో రోజు చేతులు మార్చి కూడా చూశా, అదే తంతు. దీనికన్నా పిచ్చెక్కించింది ఇంకోటి ఉంది. ఒక కిలోమీటర్ అవగానే మణికట్టు మీద జివ్వుమంటది కదా, మొదటి రోజు అలా అన్నప్పుడు పక్కనున్న గేటు దగ్గర ఆగి గుర్తు పెట్టుకున్నా, మర్నాడు అదే చోట మొదలుపెట్టి అదే వైపు పోతుంటే ఆ గేటుకి ఇంకా పదకొండు గేట్లు ఉండగానే జివ్వుమంది. బ్యారేజీకున్నవే 70 గేట్లు, పదకొండు తేడా అంటే చూస్కోండి. 

సర్వీస్ సెంటర్‌కి ఇవన్నీ ప్రింట్ తీసి పట్టుకెళ్ళా. కౌంటర్‌లో కుర్రాడు మ్యాప్ చూసి “బ్యారేజీ మీద ఇనుము ఎక్కువ సార్, గేట్లన్నీ ఇనుమే కదా, సిగ్నల్ కొట్టుకుంటది” అన్నాడు. మరి ఎడమ చేతికి ఇనుము తగల్లేదా తమ్ముడూ అంటే నవ్వాడు. వాచ్ తీసుకుని ఐదు రోజుల తర్వాత “నో ఫాల్ట్ ఫౌండ్” అని రాసి తిరిగిచ్చారు. ఎక్కడ టెస్ట్ చేశారు అని అడిగితే లోపలే అన్నాడు. నాలుగు గోడల మధ్య స్లాబు కింద జీపీఎస్ టెస్ట్!

అలాగని ప్రతి తేడాకీ వాచ్‌ని తిట్టకండి, నేనూ న్యాయంగానే చెప్తున్నా. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద, అపార్ట్‌మెంట్ల మధ్య సందుల్లో ఏ వాచ్ అయినా తడబడుద్ది, సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొచ్చి ఆలస్యంగా చేరుద్ది కాబట్టి ఎక్కువ దూరం నుంచి వచ్చిందని మోసపోద్ది. ఆ తిరిగొచ్చిన సిగ్నల్‌ని పట్టుకోవడానికే రెండో ఫ్రీక్వెన్సీ, ఎల్5 అంటారు. సర్టిఫైడ్ కోర్సు (అధికారికంగా కొలిచిన దారి) మీద హాఫ్ మారథాన్‌లో 21.1కి బదులు 21.3 వచ్చినా మామూలే, కొలిచేవాళ్ళు మలుపుల్లో అన్నిటికంటే దగ్గర దారి పట్టుకుని కొలుస్తారు, మనం జనాన్ని తప్పించుకుంటూ వెడల్పుగా తిరుగుతాం. నేను అంటుంది తలపైన ఆకాశం తప్ప ఏమీ లేని చోట పదికి కిలోమీటరు పైన కూడా తేడా రావడం గురించి.

తక్కువ రేటు వాచ్‌లు చూసేవాళ్ళకి ఒక మాట. గుంటూరులో మా బావమరిది మూడు వేలకి ఒకటి కొన్నాడు, జీపీఎస్ అని రాసుంది, తీరా చూస్తే కనెక్టెడ్ జీపీఎస్. అంటే వాచ్‌లో జీపీఎస్ ఉండదు, జేబులో ఫోనుంటే దాని లొకేషన్ వాడుకుంటది. ఫోను ఇంట్లో పెట్టి ఎన్టీఆర్ స్టేడియంలో నడిచొస్తే అడుగులు లెక్కేసి ఏదో ఒక దూరం చెప్తది, మ్యాప్ రాదు. బిల్ట్ ఇన్ అని రాసుందో లేదో చూసి కొనండి.

ఇక నేను చేసినవి. ప్రతి పరుగు జీపీఎక్స్ ఫైల్ (పరిగెత్తిన దారి రికార్డు) దించి పెట్టుకున్నా, కస్టమర్ కేర్‌తో ఫోన్ మానేసి అంతా మెయిల్‌లోనే నడిపా, ఎందుకంటే “పది రోజులు వాడండి” అన్న మాటకి నా దగ్గర రుజువు లేదు, ఫోన్‌లో అన్నారు కదా. అక్కడే దెబ్బతిన్నా. ఇది కొత్త వాచ్ పెట్టుకుని ఈ వారం ఇబ్బంది పడుతున్నవాళ్ళు ముందు చెయ్యాల్సింది, కస్టమర్ కేర్ వాళ్ళు ఏం చెప్పినా “అదే మెయిల్‌లో రాయండి” అనండి, గడువు లోపల రిటర్న్ రిక్వెస్ట్ పెట్టేసి ఆ తర్వాత ఎంతసేపైనా మాట్లాడండి. గడువు దాటినవాళ్ళు 1915కి చెయ్యండి, కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేను చేశాక కంపెనీ నుంచి నాలుగు రోజుల్లో ఫోన్ వచ్చింది, అంతకు ముందు మూడు వారాలు మెయిల్‌కి దిక్కు లేదు. రీఫర్బిష్డ్ పీస్ (బాగుచేసిన పాతది) ఇస్తాం అంటున్నారు, నేను కొత్తదన్నా డబ్బులన్నా అంటున్నా. కాదంటే జిల్లా కన్జ్యూమర్ కమిషన్, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు.

అప్పటిదాకా మళ్ళీ ఫోను నడుముకి కట్టుకునే పరిగెత్తుతున్నా. ఎవరన్నా కొత్త వాచ్ టెస్ట్ చేసుకోవాలంటే ఆదివారం పొద్దున ఐదింటికి బ్యారేజీకి విజయవాడ వైపు రండి, స్తంభాలు చూపిస్తా, ఫ్రెండ్ దగ్గర ఆ పాత వాచ్ కూడా తీసుకొస్తా. ఛార్జింగ్ పెట్టుకుని రండి బాబూ, పోయిన వారం ఒకాయన రెండో రౌండ్‌లోనే చేతులెత్తేశాడు, ఆయన కాదు, ఆయన వాచీ.