విజయవాడలో లేబుల్ లేని ‘మెరినో’ ఊలు కొనేముందు ఇది చదవండి

గుంటూరులో ఉంటూ ఊలు టోపీ ఏమిటని నవ్వకండి. టోపీ నాకు కాదు, ఢిల్లీలో ఉండే మా తమ్ముడి కొడుక్కి. రెండున్నరేళ్లవాడు. చలికి చెవులు ఎర్రగా కందిపోతున్నాయని మరదలు ఫోన్లో చెప్పింది. సంక్రాంతికి వచ్చినప్పుడు అత్త అల్లిన టోపీ పెట్టి పంపుదామని ఆశపడ్డాను.

పని మీద విజయవాడ వెళ్లినప్పుడు బీసెంట్ రోడ్డు వైపు ఒక చిన్న షాపులో ఊలు కొన్నాను. పేరు రాయను. మెరూన్ రంగు, వంద గ్రాముల ఉండ 420 రూపాయలు, రెండు తీసుకున్నాను. చుట్టూ ఉండాల్సిన కాగితం పట్టీ లేదు. అడిగితే, “లూధియానా నుంచి లూజుగా వస్తుందమ్మా, అందుకే ఈ రేటు. ప్యూర్ మెరినో, పట్టుకు చూడండి” అన్నాడు. మెరినో అంటే ఆ జాతి గొర్రెల నుంచి వచ్చే సన్నటి, మెత్తటి ఊలు. పట్టుకుంటే మెత్తగానే ఉంది మరి. మెత్తదనం చూసి ఊలు అనుకోవడమే నేను చేసిన తప్పు. ఈ రోజుల్లో ఎక్రిలిక్, అంటే ఊలులా కనిపించే సింథటిక్ దారం, అంతకంటే మెత్తగా వస్తోంది. అది వంద గ్రాములు నూరు, నూట యాభైకే దొరుకుతుంది.

వాడి తల చుట్టుకొలత 49 సెంటీమీటర్లు. టోపీ బిగుతుగా పట్టాలి కాబట్టి 44 వచ్చేలా, నాలుగో నంబరు సూదుల మీద 88 కుట్లు ఎక్కించాను. రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు), అలా అల్లితే సాగుతుంది. నాలుగు రాత్రులు కూర్చున్నాను. ముచ్చటగా వచ్చింది, ఫొటో తీసి మరదలికి పంపాను కూడా.

చివర్లో ఊలు కదా అని ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టించాను. అసలు ఊలైతే ఆవిరికి కుట్లన్నీ సర్దుకుని అందంగా కూర్చుంటాయి. ఇది మాత్రం నా కళ్లముందే చచ్చిపడింది. అంచు పట్టీలో సాగే గుణం మొత్తం పోయి, తడిగుడ్డలా వేలాడింది. మా పక్కింటి మూడేళ్ల పిల్లకి పెట్టి చూస్తే ముక్కు దాకా జారింది. ఎక్రిలిక్‌కి వేడి తగిలితే అంతే, మళ్లీ బిగుసుకోదు.

అప్పుడు అనుమానం వచ్చి ఒక పోగు తెంపి, స్టీలు పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల వెలిగించాను. అసలు ఊలు సరిగ్గా మండదు, జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, మిగిలిన బూడిదని వేళ్లతో నలిపితే పొడవుతుంది. నాది భగ్గుమని కరిగి, నల్లటి గట్టి పూసలా పళ్లేనికి అంటుకుంది. ఇంకా నమ్మబుద్ధి కాక మరో పోగుని బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్‌లో రాత్రంతా నానబెట్టాను. ఊలైతే అందులో కరిగిపోవాలి. పొద్దున చూస్తే పోగు పోగులాగే ఉంది. (ఈ రెండూ పిల్లలు దగ్గర లేనప్పుడే చేయండి.)

ఎక్రిలిక్ చెడ్డదని కాదు. మన ఊళ్లో పొద్దున్నే పిల్లల్ని స్కూటరు మీద బడికి తీసుకెళ్లడానికి అది చాలు, మెషీన్లో పడేసి ఉతుక్కోవచ్చు. కానీ ఢిల్లీ చలి వేరు. ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమని పీల్చుకుని కూడా వెచ్చగా ఉంటుంది. ఎక్రిలిక్ పీల్చుకోదు, పిల్లాడి తల చెమటపడితే ఆ తడి అక్కడే ఉండి చల్లబడుతుంది. పైగా అక్కడ గదిలో హీటర్లు పెట్టుకుంటారు. కరిగి అంటుకునే సరుకుని పసివాడి తలకి పెడతామా?

తవ్వేకొద్దీ ఇంకా బయటపడ్డాయి. విప్పని రెండో ఉండని వంటింటి కాటా మీద పెడితే 81 గ్రాములు. పగటి వెలుతురులో చూస్తే రెండు ఉండల రంగూ ఒకటి కాదు. పట్టీ ఉంటే దాని మీద డై లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు) ఉంటుంది, రెండింటికీ ఒకటే ఉందో లేదో చూసుకునేదాన్ని. తెల్ల చేతిరుమాలు తడిపి రుద్దితే గులాబీ మరక! అది వాడి నుదుటి మీద పడేది.

మళ్లీ వెళ్లి అడిగాను. “మెరినో అనలేదమ్మా, మెరినో టైపు అన్నాను” అన్నాడు. నా దగ్గర ఉన్నది ‘ఊలు 2’ అని రాసిన చిన్న చీటీ. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేద్దామంటే ఏ ఆధారం చూపించను? ప్యాకెట్లో అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, బరువు, ఎమ్మార్పీ ఉండాలన్నది చట్టమే. అవేవీ లేనప్పుడే నేను షాపు దిగి వచ్చేయాల్సింది.

మీరు కొంటే పట్టీ ఉన్నదే కొనండి. అందులో ‘వుల్’ ఎంత శాతమో చదవండి, ‘మెరినో’ అన్న పెద్దక్షరాలు చూసి ఆగిపోకండి. బిల్లులో ‘100 శాతం వుల్’ అని రాయించుకోండి. రాయనంటే అక్కడే తెలిసిపోతుంది.

సంక్రాంతికి ఇంకా పన్నెండు రోజులుంది. గుంటూరులో గానీ విజయవాడలో గానీ పట్టీ తీయకుండా అసలు ఊలు అమ్మే చోటు మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. మెరూన్ కాకపోయినా పర్లేదు.