పది నగరాలు, ఖాళీ ఖజానా: సివిలైజేషన్ 4 సమీక్ష

సామ్రాజ్యాలను నిర్మించే, వంతులవారీగా (టర్న్‌ల వారీగా) ఆడే వ్యూహాత్మక కంప్యూటర్ ఆటలలో, తొలి దశలోనే పొరుగు రాజ్యం మీద దండెత్తి నాలుగు నగరాలు స్వాధీనం చేసుకోవడం చాలాకాలం పాటు పెద్దగా ఖర్చులేని వ్యవహారంగానే ఉండేది. సైనికబలం ఉన్నవాడికి విస్తరించడమే సరైన ఎత్తు. ఆగవలసిన అవసరం దాదాపు ఉండేది కాదు. ఫిరాక్సిస్ సంస్థ రూపొందించగా 2005లో విడుదలైన సివిలైజేషన్ 4 ఆ లెక్కను మార్చివేసింది. సోరెన్ జాన్సన్ ప్రధాన రూపకర్తగా తయారైన ఈ ఆటలో నగరాన్ని గెలవడం ఒక పని, గెలిచిన నగరాన్ని పోషించడం అంతకన్నా కష్టమైన మరో పని. 2007లో వచ్చిన బియాండ్ ద స్వోర్డ్ అనే అదనపు భాగంతో కలిపి ఆడే రూపాన్ని, అందులోనూ మొదటి నూట యాభై టర్న్‌లను దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఆట గొప్పతనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

2001 నాటి సివిలైజేషన్ 3లో రాజధానికి దూరంగా ఉన్న నగరాల రాబడి అవినీతి పేరుతో హరించుకుపోయేది. కానీ అటువంటి నగరం పనికిరానిదే తప్ప భారం కాదు. ఉంటే ఉన్నది, ఎంతో కొంత లాభమే. నాలుగో ఆటలో అవినీతిని తీసివేసి, ప్రతి నగరానికీ నిర్వహణ వ్యయాన్ని పెట్టారు. ఆ వ్యయం రాజధాని నుంచి దూరాన్ని బట్టి ఒకవైపు, మొత్తం నగరాల సంఖ్యను బట్టి మరోవైపు పెరుగుతుంది. ఇందులో కొత్తవారు గమనించనిది ఏమిటంటే, పదో నగరం చేరినప్పుడు దాని ఖర్చుతో పాటు అంతకుముందున్న తొమ్మిది నగరాల ఖర్చు కూడా కొంత పెరుగుతుంది. దీనికి సైన్యం జీతభత్యాలు, సరిహద్దు దాటిన దళాలకు సరఫరా ఖర్చు, పాలనా విధానాల ఖర్చు తోడవుతాయి. వాణిజ్యం ద్వారా వచ్చే రాబడిని పరిశోధనకూ ఖజానాకూ పది శాతం చొప్పున జరుపుతూ పంచే స్లైడర్ ఒకటి తెర మీద ఎప్పుడూ కనిపిస్తుంది. రాజ్యం ఆరోగ్యాన్ని తెలుసుకోవడానికి నేను మొదట చూసేది దానినే.

జూలియస్ సీజర్‌గా, మోనార్క్ అనే కఠినతా స్థాయిలో ఆడిన ఒక ఆటను వివరంగా చెబితే విషయం స్పష్టమవుతుంది. రోమన్ల ప్రత్యేక దళమైన ప్రిటోరియన్ బలం 8. ఆ కాలంలో నగరాలను కాపాడే విలుకాడి బలం 3 మాత్రమే. నగర రక్షణ, కోట గోడలు అన్నీ కలిసివచ్చినా అతడు ప్రిటోరియన్ ముందు నిలవడం కష్టం. ప్రిటోరియన్లకు కావలసిన ఇనుము రాజధాని పక్కనే దొరకడంతో, క్రీ.పూ. 1000 ప్రాంతానికి ఎనిమిది దళాలతో ఈజిప్టు మీదికి వెళ్లి, థీబ్స్‌ను, ఆ వెంటనే మెంఫిస్‌ను తీసుకున్నాను. పట్టుకున్న ప్రతి నగరం నుంచి కొంత బంగారం చేతికి వస్తుంది, ఆ బంగారంతో లోటు కనబడకుండా పోతుంది, అందువల్ల యుద్ధం తన ఖర్చును తానే భరిస్తోందన్న భ్రమ కలుగుతుంది. ఆ ఊపులోనే సైన్యాన్ని గ్రీకుల మీదికి మళ్లించాను. క్రీ.శ. ఆరంభానికి నా చేతిలో పది నగరాలు ఉన్నాయి. నాలుగు నగరాలున్నప్పుడు డెబ్బై శాతం దగ్గర నిలిచిన పరిశోధన సున్నాకు దిగింది, అయినా టర్న్‌కు ఆరు బంగారు నాణాల నష్టం తప్పలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు చెప్పిన మాటను ఈ ఆట అక్షరాలా అమలు చేస్తుంది. ఖజానా సున్నాకు చేరి, ఆదాయం ఇంకా లోటులోనే ఉంటే సైన్యం సమ్మె చేస్తుంది; దళాలు ఒకదాని తరువాత ఒకటి రద్దవుతాయి. ఏథెన్స్ గోడల ముందు నిలబడిన అనుభవజ్ఞుడైన ప్రిటోరియన్ ఏ శత్రువు దెబ్బకూ కాక, జీతం అందక మాయమైపోయిన ఆ టర్న్ నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. స్వాధీనమైన నగరాలేమో ఆదుకునే స్థితిలో లేవు. పట్టుబడినప్పుడే ఒక పాయింట్ జనాభాను కోల్పోయి, కొన్ని టర్న్‌ల పాటు తిరుగుబాటులో ఏమీ ఉత్పత్తి చేయక, పటంలో చుట్టుపక్కల గడుల మీద పాత యజమాని సంస్కృతి ఒత్తిడిని తట్టుకోలేక అవి ఖర్చు మాత్రమే చూపిస్తాయి.

ఈ స్థితి నుంచి తేరుకునే దారి ఉండడం, అది కూడా ముందుచూపును కోరే దారి కావడం ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం. పరిశోధనతో కోడ్ ఆఫ్ లాస్ అనే విద్యను నేర్చుకుంటే న్యాయస్థానం కట్టవచ్చు, అది నగర నిర్వహణ వ్యయాన్ని సగానికి తగ్గిస్తుంది. సీజర్‌కు ఉన్న పాలనా దక్షత వల్ల ఆ నిర్మాణం రెట్టింపు వేగంతో పూర్తవుతుంది. కరెన్సీ నేర్చుకుంటే ప్రతి నగరానికీ మరో వాణిజ్య మార్గం దక్కుతుంది, ఉత్పత్తిని నేరుగా సంపదగా మార్చుకునే వీలు కూడా కలుగుతుంది. అయితే అసలు ఆదాయం నగరం చుట్టూ ఉన్న గడుల్లో కట్టే కాటేజ్‌ల (చిన్న ఇళ్ల) నుంచే రావాలి. సాధారణ వేగంలో కాటేజ్ పది టర్న్‌లకు చిన్న పల్లె, మరో ఇరవైకి గ్రామం, ఇంకో నలభైకి పట్టణం అవుతుంది. అది కూడా పౌరుడు ఆ గడిలో పనిచేస్తున్నంత కాలమే ఎదుగుతుంది. అంటే కత్తి పట్టక ముందే నాటిన కాటేజ్ మాత్రమే కరువులో ఆదుకుంటుంది. మెంఫిస్ వెలుపల ఈజిప్షియన్లు పెంచిన ఒక గ్రామాన్ని తక్షణ ఖర్చుల కోసం నా సైన్యంతోనే ఆనవాలు లేకుండా పోయేదాకా పదేపదే దోచుకున్నాను. వచ్చింది కొద్దిపాటి బంగారం. ఆ నగరం నాదైన తరువాత అదే గడిలో మళ్లీ మొదటి నుంచి కాటేజ్ పెంచవలసి వచ్చింది, అది పోయిన రాబడిని తిరిగి ఇవ్వడానికి పట్టిన కాలాన్ని లెక్కిస్తే ఆ దోపిడీ నా యుద్ధంలోకెల్లా ఖరీదైన తప్పు.

పట్టిన ప్రతి నగరాన్నీ ఉంచుకోవాలా, తగలబెట్టాలా అన్న ప్రశ్న కూడా ఈ లెక్క వల్లనే బరువెక్కుతుంది. మంచి నదీతీరం, బంగారు గని, లేదా ఏదైనా మతానికి పవిత్ర నగరం అయితే తప్పక ఉంచుకోవాలి; పవిత్ర నగరంలో మహా ప్రవక్త అనే ప్రత్యేక పాత్ర చేత ఆలయం నిర్మింపజేస్తే ఆ మతం వ్యాపించిన నగరానికి ఒకటి చొప్పున బంగారం వస్తుంది. మిగతావాటి విషయంలో నిర్దాక్షిణ్యంగా ఆలోచించక తప్పదు. ఇక్కడే ఆట ఒక ముఖ్యమైన సమాచారాన్ని అందించదు: నగరం చేతికి వచ్చిన క్షణంలో ఎంపిక అడుగుతుందే గాని, ఉంచుకుంటే రాజ్యం మొత్తం మీద ఎంత భారం పడుతుందో చెప్పదు. ఈ లోపం నిజంగా బాధిస్తుంది, ఎందుకంటే ఆట మొత్తాన్ని శాసించే అంకె అదే. పై స్థాయిల్లో కంప్యూటర్ రాజులకు ఖర్చులలో రాయితీలు ఉండటం వల్ల, మనల్ని దివాలా తీయించే విస్తరణ వారిని అంతగా కుంగదీయకపోవడం మరో అసమానత. ఒకే గడిలో ఎన్ని దళాలనైనా పేర్చగలిగే యుద్ధ పద్ధతి కూడా కొంత మొరటుగానే ఉంటుంది; 2010లో వచ్చిన ఐదో ఆట దానిని మార్చింది గాని, విస్తరణను ఖజానాకు బదులు రాజ్యమంతటి సంతోషంతో అదుపు చేయడం నాకు అంత సహజంగా అనిపించలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు మోనార్క్ కన్నా తేలికైన నోబుల్ స్థాయిని ఎంచుకుని, మొదటి యుద్ధంలో పొరుగు రాజధానితో పాటు మరొక్క మంచి నగరాన్ని మాత్రమే తీసుకుని సంధి చేసుకుంటే మంచిది. నా ఆటలో ఏథెన్స్‌ను వదిలి సంధికి ఒప్పుకున్నాక, న్యాయస్థానాలు ఒక్కొక్కటిగా లేచి, రోమ్ చుట్టూ ఉన్న కాటేజ్‌లు పట్టణాలుగా మారి, పరిశోధన తిరిగి అరవై శాతానికి చేరేసరికి క్రీ.శ. 800 దాటింది. ఏథెన్స్ గోడల మీద అప్పటికి పాత విలుకాళ్ల కన్నా బలమైన లాంగ్‌బౌ విలుకాళ్లు నిలబడి ఉన్నారు.